పరుగు తర్వాతి బెంగ: వాడే విధానం

విశాఖ నేవీ మారథాన్‌లో 42 కిలోమీటర్లూ పరిగెత్తారు. మెడల్ వేయించుకున్నారు. బీచ్‌రోడ్డులో కురుసుర జలాంతర్గామి పక్కన నిలబడి ఫోటో దిగారు. ఆదివారం సాయంత్రానికి చోడవరం వచ్చి పడ్డారు. శుభం. సోమవారం పొద్దున్న లేచేసరికి, నెగ్గుకొచ్చినవాడికి ఉండకూడని దిగులు ఒకటి గుండెల మీద కూర్చుని ఉంటుంది. కంగారు పడకండి, చాలామందికి వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, పట్టించుకోకుండా వదిలేస్తే కొద్దిరోజుల్లో దానంతట అదే పోతుంది. నెలల తరబడి తెల్లవారుజామున లేచి, ఫీజు కట్టి, బూట్లు కొని సంపాదించుకున్నదాన్ని అంత తేలిగ్గా పోనిస్తామా? సంక్రాంతి దాకా, చేతనైతే మళ్లీ ఏడాది పరుగు దాకా దాన్ని నిలబెట్టుకునే ఉపాయాలు చెబుతాను.

పని ఆదివారం మధ్యాహ్నమే మొదలుపెట్టాలి. తినొద్దు, పడుకోవద్దు. తెల్లవారకముందే బీచ్‌రోడ్డు మీద ఉండాలంటే చోడవరం నుంచి అర్ధరాత్రి దాటగానే బయల్దేరి ఉంటారు. అంటే ముందురోజు నిద్ర ఎలాగూ లేదు. అది మనకి కలిసొచ్చిన అంశం. అంత దూరం పరిగెడితే కండల్లో, కాలేయంలో దాచిపెట్టుకున్న చక్కెర నిల్వ దాదాపు అడుగంటిపోతుంది. మర్నాటి చిరాకులో, కారణం లేని ఏడుపులో ఆ ఖాళీకీ, ఈ నిద్రలేమికీ పెద్ద వాటా ఉంది. కడుపునిండా పప్పన్నం తిని, ఒక గుడ్డు, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, పది గంటలు ఒళ్లెరగకుండా పడుకుంటే బెంగ సగం నీరుగారిపోతుంది. అందుకే ఆ పని చేయకూడదు. చుట్టూ చెరుకు తోటలు, కూతవేటు దూరంలో దేశమంతా ఎరిగిన అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఉన్నాయి కాబట్టి నిగ్రహం కొంచెం కష్టమే. మరీ ఆగలేకపోతే మాడుగుల హల్వా అరకిలో తెప్పించి, అన్నం మానేసి, అదొక్కటే తినండి. మొదటి అరగంట బాగుంటుంది. మనకి కావలసింది ఆ తర్వాతది.

తిరుగు ప్రయాణం కారులో ఎవరో తీసుకొస్తానంటే ఒప్పుకోకండి. కాంప్లెక్సులో ఆర్టీసీ బస్సెక్కి, వెనక సీటు చూసుకుని, సబ్బవరం మీదుగా రండి. భీమిలి–నర్సీపట్నం రోడ్డు గోతుల గురించి మన వైపు వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక్కో గోతిలో ఒక్కో కిలోమీటరు మళ్లీ గుర్తొస్తుంది. దిగేటప్పుడు అసలు రుచి తెలుస్తుంది. ఇలాంటప్పుడు మెట్లు ఎక్కడం కన్నా దిగడమే నరకం. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు ఆపాలి, పరుగులో అడుగడుగునా చితికిపోయింది సరిగ్గా ఆ పని చేసే. మీరు రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, పక్కవాటుగా, ఒక్కో మెట్టూ దిగుతుంటే వెనకనుంచి ఎవరో అంటారు: "బేగి దిగు బాబూ, ముసిలోళ్లు దిగిపోనారు." ఆ మాట పోగొట్టుకోకండి. రాత్రి నిద్ర పట్టనప్పుడు పనికొస్తుంది.

ఇంటికొచ్చాక మెడల్ తీయకండి. మెడలో ఉంచుకునే వీధిలో తిరగండి. రాత్రి బాగానే వెళ్లినవాడు సాయంత్రానికి కుంటుతూ, మెడలో బిళ్లతో తిరిగొస్తే చోడవరంలో అడగనివాళ్లు ఉండరు. అరుగు మీది మావయ్య అందరికన్నా ముందు అడుగుతారు.

"ఏటల్లుడూ, ఏ ప్లేసు వచ్చింది?"

"ప్లేసు కాదు మావయ్యా. పూర్తి చేసినోళ్లందరికీ ఇస్తారు."

"అందరికీనా? మరి పందెం ఏటి అందులో?"

"నాతో నాకే పందెం మావయ్యా."

"ఓహో. డబ్బులేపాటి ఇచ్చినారు?"

"ఇవ్వరు. మనమే కట్టాలి."

మావయ్య కాసేపు ఏమీ అనరు. తర్వాత లోపలికి తిరిగి, "ఇదిగో, ఇలగ్రా. అల్లుడు డబ్బులు కట్టి మరీ పరిగెట్టీసి వచ్చినాడట" అని అత్తయ్యను కేకేస్తారు. అత్తయ్య వచ్చి, మెడల్ చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇత్తడేటి నాయనా?" అంటుంది.

బుద్ధి ఉన్నవాడు ఇక్కడ నవ్వేసి, ఆవిడ ఇచ్చిన టీ తాగి, ఇంటికి పోతాడు. మీరు పోకూడదు. కూర్చుని వివరించాలి. కిలోమీటరుకి ఆరున్నర నిమిషాల చొప్పున నాలుగున్నర గంటలు దాటిందనీ, ముప్పై కిలోమీటర్ల తర్వాత గోడ అనేది ఒకటి వస్తుందనీ, అది ఇటుకల గోడ కాదనీ, అందరికీ కనపడదనీ చెప్పాలి. మావయ్య శ్రద్ధగా విని, "మా సిన్నప్పుడు గోవాడ ఫ్యాక్టరీకి సెరుకు బళ్ల ఎనకాతల నడిసీసి ఎల్లీవోళ్లం. ఏ గోడా రాలేదు, ఎవుడూ బిళ్ల ఇవ్వలేదు" అంటారు. అప్పుడు మీ మనసు చివుక్కుమంటుంది. ఆ చివుక్కును పెంచండి. తప్పు ఆయనది కాదు. మన వైపు తీర్థాల్లో ఎడ్ల పందెం, గుర్రాల పందెం జరిగితే ముందొచ్చినదానికి బహుమతి, వెనకొచ్చినదానికి గడ్డి. ఎవరికీ అనుమానం ఉండదు. వెయ్యిమంది తర్వాత వచ్చి, గెలిచానని చెప్పుకునే పందెం ఆయన కొత్తగా వింటున్నారు. అయినా సరే, నా 42 కిలోమీటర్లు ఏమిటో ఈ ఊరికి అర్థమయ్యేదాకా నేను సంతోషించనని ఒట్టు పెట్టుకోండి. అన్ని ఉపాయాల్లోనూ ఇది గట్టిది. ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

రాత్రి అందరూ పడుకున్నాక ఫోను తీసి, గడియారం రాసిపెట్టిన లెక్కలు చూడండి. ముప్పై రెండో కిలోమీటరు దగ్గర నడిచేశారు కదా. అక్కడే ఆగండి. మిగిలిన నలభైకి పైగా కిలోమీటర్లు చూడాల్సిన పని లేదు.

ఇక ఒంటి సంగతి. నొప్పులు మొదటి రోజు కన్నా రెండో రోజు, మూడో రోజు ఎక్కువ అవుతాయి. చితికిన కండ బాగుపడే క్రమం అది. పరుగు పందేలవాళ్ల పాత లెక్క ఒకటుంది: పరిగెత్తిన మైలుకి ఒక రోజు చొప్పున, 26 మైళ్లకి 26 రోజులు గట్టి పరుగు ముట్టుకోవద్దని. మీరు రెండో రోజే బూట్లు కట్టండి. కట్టలేకపోతే, అంటే వంగలేకపోతే, పిల్లాడి చేత కట్టించుకోండి. హైస్కూలు గ్రౌండుకి వెళ్లి రెండు రౌండ్లు తిరిగి, ఆగిపోయి, "నా పని అయిపోయింది" అని పైకే అనండి. పక్కన నడుస్తున్న రిటైర్డు మాస్టారు, "నిన్నగాక మొన్నే కదా బాబూ, కాలు ఆరనీ" అంటారు. ఆయనకి శాస్త్రం తెలియదనుకోండి. నొప్పి మాత్రలు మింగుతూ పరిగెడితే కిడ్నీల మీద భారం పడుతుందని డాక్టర్లు చెబుతారు. మాత్రలు మింగి పరిగెత్తమని మాత్రం నేను కూడా చెప్పను. బెంగ కావాలి కానీ డయాలిసిస్ వద్దు.

మూడో రోజుకల్లా ఇంకో పరుగుకి పేరు ఇచ్చేయాలి. ముందటి దానికన్నా పెద్దదై ఉండాలి. దీని వెనక లెక్క ఉంది. మెదడులో డోపమిన్ అనే రసాయనం చేతికి అందినదానికన్నా అందబోయేదానికే ఎక్కువ ఉరకలేస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇన్నాళ్లూ ప్రతి పొద్దుటా ఆశ పెట్టిన తిండి మీదే అది బతికింది. గీత దాటిన క్షణాన ఆశకి ఉద్యోగం పోయింది. గమ్యం చేరితే ఇక సుఖమే అనుకోవడం ఒక భ్రమ అని, హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన టాల్ బెన్-షహర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దానికి ఒక పేరే పెట్టాడు. ఆయన పాఠాలు ఆయన చెప్పుకోనీ. మన గమ్యం చిన్నదైపోయింది, అంతే.

2008 ఆగస్టు 11న బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఎయిర్ రైఫిల్‌లో బంగారం కొట్టాడు. ఒలింపిక్స్‌లో మన దేశానికి అదే తొలి వ్యక్తిగత స్వర్ణం. అవే పోటీల్లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఎనిమిది బంగారు పతకాలు పట్టుకెళ్లాడు. ఒకరికి ఒకటి, ఒకరికి ఎనిమిది. ఇద్దరూ తర్వాత బహిరంగంగా చెప్పుకున్నది మాత్రం ఒకే రకం మాట. తన జీవితంలో మనసు బాగా దెబ్బతిన్నది ఓడినప్పుడు కాదు, గెలిచాకేనని బింద్రా అన్నాడు. ఒలింపిక్స్ అయిన ప్రతిసారీ కుంగిపోయానని ఫెల్ప్స్ అన్నాడు. వాళ్లనలా ఉంచండి. 1969 జూలైలో చంద్రుడి మీద కాలుపెట్టిన రెండో మనిషి బజ్ ఆల్డ్రిన్, తిరిగొచ్చాక దిగుల్లో, తాగుడులో పడి, ఆ కథంతా 1973లో పుస్తకంగా రాసుకున్నాడు. ఇవన్నీ విన్నవాడెవడైనా, పతకాల సంఖ్య పెంచితే ఈ గొయ్యి పూడేది కాదని అనుకుంటాడు. మీరలా అనుకోవద్దు. చంద్రుడి దూరం చాలలేదనే అర్థం చేసుకోండి. లడఖ్‌లో ఖర్దుంగ్ లా మీదుగా 72 కిలోమీటర్ల పరుగు ఉంది. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని దాదాపు 90 కిలోమీటర్లది ఉంది. కాలు కింద పెట్టలేని ఈ మూడు రోజుల్లోనే డబ్బు కట్టేయాలి. కాలు బాగుపడితే బుర్ర కూడా పనిచేయడం మొదలుపెడుతుంది.

ఆదర్శంగా ఎవర్ని తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. స్పిరిడాన్ లూయిస్ పేరు మాత్రం తలవకండి. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచినవాడు. ఊరికి నీళ్లు మోసి అమ్ముకునే మనిషి. దాదాపు 40 కిలోమీటర్లు మూడు గంటల లోపే పరిగెత్తాడు. దేశమంతా నెత్తిన పెట్టుకుంది. ఏం కావాలో కోరుకోమని రాజుగారు అడిగితే, నీళ్లు మోయడానికి గాడిదనీ బండినీ అడిగాడని చెప్పుకుంటారు. తర్వాత మరే పోటీలోనూ పరిగెత్తలేదు. తన ఊరికి పోయి వ్యవసాయం చేసుకున్నాడు, కొన్నాళ్లు పోలీసు పని చేశాడు. ఇంత పెద్ద పరుగు గెలిచి బండి గురించి ఆలోచించే మనిషి వల్ల బెంగ పడేవాళ్లకి ఏం ప్రయోజనం?

మొక్కు ఉంటే చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లండి. విగ్రహం సగం భూమిలోనే ఉంటుంది, తొండం కోనేటి దాకా పోయిందని మన నమ్మకం. ఆయనది కదిలే స్వభావం కాదు. విఘ్నాధిపత్యం కోసం పెట్టిన పందెంలో కూడా అమ్మానాన్నల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి ఊరుకున్నాడు. పాపం కుమారస్వామి నెమలెక్కి లోకంలోని నదులన్నీ తిరిగాడు. ఏ నదికి వెళ్లినా అన్నగారు అప్పటికే స్నానం చేసి ఎదురొచ్చేవారు. అంత పరుగూ వృథా అయినవాడు ఎంత బెంగ పడాలి? చవితినాడు అక్షింతలు పట్టుకుని కథ వింటాం కదా, ఆఖర్న ఆయన కైలాసానికి వచ్చి, అన్నగారి మహిమ తెలియక పోటీ పడ్డాను, ఆధిపత్యం ఆయనకే ఇవ్వండి అనేస్తాడు. నా దృష్టిలో అది తొందరపాటు. కనీసం ఒక నెల ముభావంగా ఉండాల్సింది. మీరు గుళ్లో మూడు ప్రదక్షిణలతో తృప్తిపడి, కొబ్బరి చెక్క తిని వచ్చేయకండి. వచ్చే ఏడు నాలుగు గంటల లోపు పూర్తయ్యేట్టు చూడమని ఆయనతో బేరం పెట్టి రండి.

ఇంట్లోవాళ్ల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. బెంగకి అసలు శత్రువులు వాళ్లే. పెళ్లయిన మర్నాడు పందిరి విప్పేశాక వాకిలి ఎలా బోసిపోతుందో మీకు తెలుసు. అయినా ఆ ఇంట్లో ఎవరూ కుంగిపోరు. చదివింపుల లెక్క చూసుకోవాలి, మిగిలిన లడ్డూలు పంచాలి, షామియానా వాడితో తగువు పడాలి. వాళ్లకి తీరిక ఉండదు. మీ ఇంట్లోనూ అలాంటి కుట్రే సిద్ధంగా ఉంటుంది. "పరుగయ్యాక చూద్దాం" అని ఇన్నాళ్లూ మీరు వాయిదా వేసినవన్నీ మీ ఆవిడ మనసులో రాసి పెట్టుకుంది. స్టవ్ బర్నరు సరిగ్గా మండడం లేదు. మామగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్లాడి సైకిలు ట్యూబు ఎప్పుడో పోయింది. తోటికోడలు గృహప్రవేశానికి మీరు తొమ్మిదికే నిద్రపోవాలని రాలేదు, ఇప్పుడైనా వెళ్లి పలకరించాలి. ఈ జాబితా ముట్టుకున్నారా, మీ దిగులు రెండు రోజుల్లో మాయం. కాబట్టి గుమ్మంలో కుర్చీ వేసుకుని, మోకాలి మీద ఐసు పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చోండి. "ఏమైందండీ?" అంటే, "నీకు చెప్పినా అర్థం కాదు" అనండి. నాలుగు నెలలపాటు తెల్లవారుజామున నాలుగింటికి లేచి మీకు కాఫీ కాచింది ఆవిడే అన్నది గుర్తు చేసుకోకండి. పిల్లాడు "నాన్నా, క్రికెట్ ఆడదాం రా" అని చెయ్యి పట్టుకు లాగితే, "రికవరీలో ఉన్నాను" అనండి.

వీలైతే జట్టువాళ్లకి కూడా దూరంగా ఉండండి. మీతోపాటు శిక్షణ తీసుకున్న ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లకీ ఇదే జబ్బు పట్టి ఉంటుంది. నలుగురూ టీకొట్టు దగ్గర చేరి, "నాకూ ఏడుపొచ్చిందిరా" అని ఒకడు అన్నాడంటే తక్కినవాళ్లు పకపకా నవ్వుతారు. అక్కడితో మీ దుఃఖానికి ఉన్న ప్రత్యేకత పోతుంది.

ఈ ఒక్క పేరాలో వేళాకోళం మానేస్తాను. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది పరుగు తర్వాతి బెంగ కాదు. డాక్టరుకి చూపించుకోవాలి. టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. "చినవాల్తేరు పంపించాలేమో" అని వీధిలో ఎవరైనా హాస్యమాడితే ఆడనివ్వండి. చినవాల్తేరులో ఉన్న మానసిక వైద్యశాల కూడా ఆసుపత్రే.

మళ్లీ మన దారికి వద్దాం. ఇన్ని చేసినా, ఎంత కాపు కాసినా, ఒక రోజు బెంగ జారిపోయే ప్రమాదం ఉంది. ముఖ్యంగా పండగ దగ్గరపడ్డాక. సంక్రాంతికి చుట్టాలు దిగుతారు, ఆ వెనకే గౌరీ పరమేశ్వరుల ఉత్సవాలంటారు, ఇంట్లో అరిసెల పాకం దగ్గర మిమ్మల్ని కూర్చోబెడతారు. పాకం ముదురుతుందేమోనన్న కంగారులో గంటసేపు పరుగు సంగతే తలపుకి రాదు. మెడల్ పిల్లాడి ఆటసామాన్ల డబ్బాలో కనిపిస్తుంది, మీకు కోపం కూడా రాదు. మేడ మెట్లు దిగి వచ్చాక కానీ, నొప్పి లేకుండా దిగామన్నది తట్టదు. ఇవన్నీ చెడు సూచనలు. వెంటనే ఆ ముప్పై రెండో కిలోమీటరు లెక్క మళ్లీ తీయండి.

దానికీ లొంగకపోతే, కామ్రేడ్స్‌కి కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారో లేదో కనుక్కుంటూ ఒక వారం గడపొచ్చు. కానీ ఆ సమయంలో అరుగు మీది మావయ్య మిమ్మల్ని చెయ్యి ఊపి పిలిచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అల్లుడూ, అందులో అయిదు కిలోమీటర్లదీ ఉంటాదట కదా, దానికీ బిళ్ల ఇస్తారేటి?" అని అడిగితే మాత్రం నా దగ్గర ఉపాయం లేదు. ఆయన కాలి సైజు కనుక్కుని, బూట్లు కొనిపెట్టండి.